సేవ్ నొక్కితే ఎవరి మాట చెల్లుతుంది? కోడ్ ఫార్మాటింగ్ సెట్టింగుల చిక్కుముడి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) తూకానికి బిల్లు వేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి అనుకుందాం. ఫైనలియర్ ప్రాజెక్టుకి సరిపోయేంత పని. నలుగురు విద్యార్థులు, నాలుగు లాప్‌టాప్‌లు: రెండు విండోస్, ఒక మ్యాక్, ఒక ఉబుంటు. ముగ్గురు వీఎస్ కోడ్ ఎడిటర్ వాడతారు, ఒకరికి పైచార్మ్ అలవాటు. కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్న రోజు ఎవరికైనా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్సే గతి. క్వింటాల్ ధరను కిలో ధరగా మార్చే చోట 100 ఉండాల్సింది 10 అని పడిందని చూసి, ఒకరు ఆ ఒక్క అంకె దిద్ది పుష్ చేశారు, అంటే అందరి ఉమ్మడి కాపీలోకి పంపారు. ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే గిట్ మాత్రం 640 లైన్లు తీసేసి 640 లైన్లు కొత్తగా చేర్చినట్టు చూపిస్తుంది. గోరంత దిద్దుబాటుకి కొండంత డిఫ్ (మార్పుల జాబితా). అదే ఫైలులో ఇంకొకరు కూడా చెయ్యి పెట్టి ఉంటే, ఇద్దరి మార్పులూ ఢీకొనే కాన్‌ఫ్లిక్ట్ మొదటి లైను నుంచి చివరి లైను దాకా వస్తుంది.

ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. ఎవరి ఎడిటర్ వాళ్ల సెట్టింగు ప్రకారం ఫైలును ‘బాగుచేసింది’. ఇలాంటప్పుడు చాలామంది ఎడిటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ట్యాబ్ సైజు 4 అనో 2 అనో మార్చి చూస్తారు. ఏమీ మారదు. ఎందుకంటే కోడ్ ఎలా కనిపించాలో తేల్చేది ఎడిటర్ ఒక్కటే కాదు. భాష, కోడ్‌ని ఒక పద్ధతిలో సర్దే ఫార్మాటర్ అనే టూల్, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైళ్లు, ఎడిటర్ సెట్టింగులు, చివర్లో గిట్, ఇన్ని చేతులు పడతాయి. ఏది ఎవరి పరిధో తెలిస్తే సగం తలనొప్పి అక్కడే పోతుంది. మిగతా సగం, నియమాలను ఎడిటర్‌లోంచి తీసి ప్రాజెక్టులో పెడితే పోతుంది.

(కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు స్పెల్లింగు ఇంగ్లీషుదే.)

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి

ఫైలు మొత్తం మారినట్టు కనిపిస్తే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. లైను చివర గుర్తు మారింది, లేదా ట్యాబ్‌లు స్పేసులుగా (స్పేసులు ట్యాబ్‌లుగా) మారాయి, లేదా ఫార్మాటర్ లైన్లను విడగొట్టి మళ్లీ పేర్చింది. కంటికి మూడూ ఒకేలా ఉంటాయి.

‘గిట్ డిఫ్ --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్’ కొట్టండి. డిఫ్ ఒక్క లైనుకి కుదించుకుపోతే దోషం లైను చివర గుర్తుది. తగ్గకపోతే ‘గిట్ డిఫ్ -డబ్ల్యూ’ కొట్టండి. ఇది ఖాళీల తేడాలన్నిటినీ పక్కన పెడుతుంది కాబట్టి ఇప్పుడు తగ్గితే ఇండెంటేషన్ (లైను మొదట వదిలే ఖాళీ) మారినట్టు. అప్పటికీ పెద్దదిగానే ఉంటే కోట్స్, కామాలు, లైను విరుపులు మారాయన్నమాట, అంటే ఏదో ఫార్మాటర్ పనిచేసింది. ఈ రెండు కమాండ్లు వేయకుండా సెట్టింగుల్లో చెయ్యి పెట్టడం దండగ.

ట్యాబ్ సైజు చేసేది, చేయనిది

వీఎస్ కోడ్‌లో కంట్రోల్, కామా నొక్కితే సెట్టింగులు తెరుచుకుంటాయి. ‘ట్యాబ్ సైజ్’ అని వెతికితే 4 అని ఉంటుంది. దాని దగ్గర్లోనే ‘ఇన్సర్ట్ స్పేసెస్’ టిక్ పెట్టి ఉంటుంది. ఈ రెండూ చెప్పేది ఒక్కటే: ఇకమీదట మీరు ట్యాబ్ కీ నొక్కితే ఫైలులోకి ఏం వెళ్లాలి అని. ఇప్పటికే ఉన్న కోడ్‌ని ఇవి తాకవు. అందులో నిజమైన ట్యాబ్ అక్షరాలు ఉంటే వాటి వెడల్పు కంటికి మారుతుందంతే, ఫైలు మారదు.

అక్కడే మూడోది ఇంకొకటి ఉంది, ‘డిటెక్ట్ ఇండెంటేషన్’. ఇదీ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఫైలు తెరవగానే లోపల ఎలా ఉందో చూసి, మీరు పెట్టిన ట్యాబ్ సైజునూ ఇన్సర్ట్ స్పేసెస్‌నూ ఆ ఫైలు వరకు పక్కకు నెట్టేస్తుంది. ‘2 పెట్టాను, 4 వస్తోంది’ అన్న ఫిర్యాదులో ఎక్కువసార్లు దొంగ ఇదే. దాన్ని ఆపేయమని మేం చెప్పం. ఎవరో రాసిన పాత ఫైలు తెరిచినప్పుడు దాని పద్ధతిలోనే నాలుగు లైన్లు చేర్చడానికి అది బాగా పనికొస్తుంది. అది ఉందని తెలిస్తే చాలు.

ఫైలులో నిజంగా ఏముందో చూడాలంటే కింది కుడి మూల చూడండి. ‘స్పేసెస్: 4’ అనో ‘ట్యాబ్ సైజ్: 4’ అనో ఉంటుంది. దాని మీద క్లిక్ చేస్తే ‘కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్’ వస్తుంది. ఫైలును నిజంగా మార్చేది ఇదే. ‘రెండర్ వైట్‌స్పేస్’ను ‘ఆల్’ చేస్తే స్పేసులు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా కనిపిస్తాయి. పైథాన్ ఫైలు దిద్దేటప్పుడు ఇది ఆన్ చేసుకోకుండా కూర్చోవద్దు.

పైథాన్ సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఇండెంటేషన్ అందం కాదు, అర్థం. టిక్కీల లిస్టు మీద తిరిగే ఒక లూప్ ఉంది. లోపలి లైన్లు 8 స్పేసులతో ఉన్నాయి. ఇంకొకరు ట్యాబ్ 8 స్థానాలుగా కనిపించే ఎడిటర్‌లో, కింద ఒక లైనుకి ఒకే ఒక్క ట్యాబ్ కొట్టారు. ఆ ఎడిటర్‌లో రెండూ సమానంగా నిలబడ్డాయి. వీఎస్ కోడ్‌లో తెరిస్తే ట్యాబ్ 4 స్థానాలే కాబట్టి ఆ లైను లూప్ బయట ఉన్నట్టు కనిపిస్తుంది. పైథాన్ 3 ఈ గందరగోళంలోకి దిగదు. ట్యాబ్‌ఎర్రర్ అని చెప్పి ఆగిపోతుంది. ఫార్మాటర్ కూడా ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే ఫైలు పార్స్ అయితేనే, అంటే దాని నిర్మాణం అర్థమైతేనే, అది పని మొదలుపెట్టగలదు. ఇండెంటేషన్‌ను స్పేసులుగా మార్చాల్సిందే. కానీ ముందు ట్యాబ్ సైజుని, ఆ లైను రాసినవాళ్లకి ఎంతగా కనిపించిందో అంత, ఇక్కడ 8, పెట్టుకుని అప్పుడు మార్చాలి. 4 దగ్గర ఉంచి మారిస్తే ఎర్రర్ పోతుంది, బిల్లు మొత్తం మాత్రం తప్పు వస్తుంది. ఎర్రర్ పోయింది కదా అని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

తిరగేసి మొండిపట్టు పట్టేవీ ఉన్నాయి. మేక్‌ఫైలులో కమాండ్ లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేసులు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటుంది. యామల్‌లో ఇండెంటేషన్‌కి ట్యాబ్ నిషిద్ధం. గో భాషలో గోఎఫ్ఎమ్‌టీ ట్యాబ్‌లే పెడుతుంది, వాదనకు తావు లేదు. కాబట్టి ‘అన్నిటికీ 4 స్పేసులు’ అని ఒక్క సెట్టింగుతో చేతులు దులుపుకోవడం కుదరదు.

ఫార్మాటర్ అంటే ఇండెంట్ సర్దేది కాదు

ప్రెట్టియర్, బ్లాక్ లాంటివి ఖాళీలను అటూ ఇటూ జరిపి ఊరుకోవు. కోడ్‌ని చదివి, దాని నిర్మాణాన్ని అర్థం చేసుకుని, తమ నియమాల ప్రకారం మళ్లీ కొత్తగా రాస్తాయి. సింటాక్స్ తప్పు ఉంటే ఫార్మాట్ కాకపోవడానికి కారణం ఇదే. మూయని బ్రాకెట్ ఒక్కటి ఉన్నా ప్రెట్టియర్ ఫైలు జోలికి పోదు, ఆ మాట ఎడిటర్‌లో గట్టిగా చెప్పదు కూడా. ‘సేవ్ చేస్తే ఏమీ కావట్లేదు’ అన్నప్పుడు వ్యూ మెనూలో ‘అవుట్‌పుట్’ తెరిచి, పక్కనున్న జాబితాలో ప్రెట్టియర్‌ని ఎంచుకుంటే ఏ లైనులో ఆగిందో రాసి ఉంటుంది.

ప్రెట్టియర్ 2017లో వచ్చింది. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, సీఎస్ఎస్, హెచ్‌టీఎంఎల్, జేసన్, మార్క్‌డౌన్ దాని పరిధి. ఏమీ చెప్పకపోతే లైను వెడల్పు 80, ఇండెంట్ 2 స్పేసులు, సెమికోలన్లు పెడుతుంది, డబుల్ కోట్స్ వాడుతుంది. ఈ 80 గరిష్ఠ పరిమితి అనుకుని చాలామంది 120, 140 పెడతారు. నిజానికి అది ప్రెట్టియర్ గురిపెట్టే వెడల్పు. పట్టినంత కోడ్‌ను ఒకే లైనులో కుక్కడానికి చూస్తుంది కాబట్టి 140 పెడితే చదవడానికి వీల్లేని పొడుగు లైన్లు అదే తయారుచేస్తుంది. 80 దగ్గరో 100 దగ్గరో ఆగడం మంచిది.

ఒకే సెట్టింగులు ఉన్నా ఇద్దరికి రెండు రకాలుగా రావడానికి రెండు కారణాలు ఎప్పుడూ తగులుతుంటాయి. మొదటిది వెర్షన్. ప్రాజెక్టులో ప్రెట్టియర్ ఇన్‌స్టాల్ అయి లేకపోతే వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ తనతో వచ్చిన వెర్షన్ వాడుతుంది. 2020లో వచ్చిన 2.0కీ 2023లో వచ్చిన 3.0కీ మధ్య చివరి కామా అలవాటు మారింది. 3.0 నుంచి ఫంక్షన్‌కి ఇచ్చే ఆర్గ్యుమెంట్లు పలు లైన్లలోకి విరిగితే చివరిదాని తర్వాత కూడా కామా పెడుతుంది. ఇద్దరి దగ్గర రెండు వెర్షన్లు ఉంటే ఆ కామా ఒకరు పెడుతుంటారు, ఇంకొకరు తీసేస్తుంటారు, ఇద్దరికీ తెలియకుండానే. అందుకే ‘ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ --సేవ్-డెవ్ --సేవ్-ఎగ్జాక్ట్ ప్రెట్టియర్’ అని ఖచ్చితమైన వెర్షన్‌ను ప్రాజెక్టులోనే కట్టేయాలి.

రెండోది ఇంకా చిత్రమైనది. ఆబ్జెక్టు రాసేటప్పుడు తెరిచే కర్లీ బ్రాకెట్ తర్వాత మీరు ఎంటర్ కొట్టి మొదటి కీ రాస్తే, ఒకే లైనులో పట్టే అవకాశం ఉన్నా ప్రెట్టియర్ దాన్ని విడదీసే ఉంచుతుంది. అదే బ్రాకెట్ పక్కనే మొదటి కీ రాస్తే పట్టినంతవరకు ఒకే లైనులోకి తెస్తుంది. రాసినవాళ్ల ఉద్దేశానికి వదిలేసిన అరుదైన చోట్లలో ఇదొకటి. లోపం కాదు. విడిగా ఉన్నదాన్ని కలపాలంటే ఆ ఒక్క ఎంటర్ తీసేసి సేవ్ చేయండి.

పైథాన్‌కి బ్లాక్. దాని లైను వెడల్పు 88. పైథాన్ శైలి నియమావళి, 2001 నాటి పెప్ 8 చెప్పేది 79. ప్రాజెక్టులో 79 దగ్గర కూర్చున్న లింటర్ (కోడ్‌లో తప్పులు ఎత్తిచూపే టూల్) కూడా ఉంటే, బ్లాక్ 85 అక్షరాలతో సర్దిన లైనును అది తప్పుపడుతుంది. మీరు విరిస్తే బ్లాక్ మళ్లీ కలుపుతుంది. రెండు అంకెలూ ఒకటే చేయాలి, ‘పైప్రాజెక్ట్ డాట్ టామల్’లో ‘లైన్-లెంగ్త్’ పెట్టి లింటర్‌కీ అదే అంకె ఇవ్వాలి. రఫ్ అనే కొత్త టూల్ లింటర్, ఫార్మాటర్ రెండు పనులూ ఒకటిగా చేస్తుంది, దాని వెడల్పూ 88 కాబట్టి కొత్త ప్రాజెక్టుకి అదే తేలిక. మ్యాట్రిక్స్ లాంటి, చేత్తో వరుస పేర్చుకున్న భాగాన్ని ఫార్మాటర్ చెడగొట్టకుండా ఉండాలంటే పైన ‘ఎఫ్ఎమ్‌టీ: ఆఫ్’, కింద ‘ఎఫ్ఎమ్‌టీ: ఆన్’ అని కామెంట్లు పెట్టాలి.

సీ, సీ ప్లస్ ప్లస్‌కి క్లాంగ్-ఫార్మాట్. ప్రెట్టియర్, బ్లాక్ ఎన్ని తక్కువ ఆప్షన్లు ఇస్తాయో ఇది అన్ని ఎక్కువ ఇస్తుంది. అన్నీ చదవబోతే సెమిస్టర్ అయిపోతుంది. ‘డాట్ క్లాంగ్-ఫార్మాట్’ ఫైలులో ‘బేస్డ్‌ఆన్‌స్టైల్: ఎల్ఎల్‌వీఎమ్’, ‘ఇండెంట్‌విడ్త్: 4’, ‘కాలమ్‌లిమిట్: 100’ అని మూడు లైన్లు రాస్తే ల్యాబ్ ప్రోగ్రాములకి సరిపోతుంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ఎల్ఎల్‌వీఎమ్ స్టైల్ పైనున్న ఇన్‌క్లూడ్ లైన్లను అక్షరక్రమంలో పేరుస్తుంది. విండోస్‌లో ‘పీఎస్‌ఏపీఐ డాట్ హెచ్’ తన కంటే ముందు ‘విండోస్ డాట్ హెచ్’ వచ్చి ఉండాలని కోరుతుంది. అక్షరక్రమంలో పీ ముందు, డబ్ల్యూ తర్వాత. నిన్నటిదాకా కంపైల్ అయిన ప్రోగ్రామ్ ఫార్మాట్ చేయగానే ఎర్రర్లు కక్కుతుంది. రెండు ఇన్‌క్లూడ్‌ల మధ్య ఒక ఖాళీ లైను వదిలితే వాటిని వేర్వేరు గుంపులుగా చూసి కలపదు. లేదా ‘సార్ట్‌ఇన్‌క్లూడ్స్: నెవర్’. ఫార్మాటర్ అర్థాన్ని మార్చదు అన్న నమ్మకం సీ హెడర్ల దగ్గర చెల్లదు.

ఎడిటర్ లోపలి తగాదా

ఇప్పుడు అసలు తికమక. వీఎస్ కోడ్‌లో సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి. ‘యూజర్’ మీ లాప్‌టాప్‌లోని అన్ని ప్రాజెక్టులకూ వర్తిస్తుంది. ‘వర్క్‌స్పేస్’ ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోని ‘డాట్ వీఎస్‌కోడ్’ అనే ఫోల్డర్‌లో సెట్టింగ్స్ డాట్ జేసన్‌గా కూర్చుంటుంది, గిట్‌లోకి వెళ్తుంది, నలుగురికీ చేరుతుంది. రెండింటిలోనూ ఉంటే వర్క్‌స్పేస్‌దే పైచేయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియనిది ఇది: ఒక భాషకి ప్రత్యేకంగా పెట్టిన సెట్టింగు, యూజర్‌లో ఉన్నా సరే, వర్క్‌స్పేస్‌లోని మామూలు సెట్టింగుని ఓడిస్తుంది. ఎప్పుడో ఒక వీడియో చూస్తూ మీ యూజర్ సెట్టింగుల్లో జావాస్క్రిప్ట్‌కి డిఫాల్ట్ ఫార్మాటర్‌గా వేరే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నారు. టీమ్ వర్క్‌స్పేస్ ఫైలులో ‘డిఫాల్ట్ ఫార్మాటర్: ప్రెట్టియర్’ అని భాష పేరు లేకుండా రాసి ఉంది. నలుగురిలో ముగ్గురికి ప్రెట్టియర్ పనిచేస్తుంది, మీకు మాత్రం చేయదు. ఎక్స్‌టెన్షన్ తీసి మళ్లీ వేసినా చేయదు. వర్క్‌స్పేస్ ఫైలులో జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, పైథాన్ అని స్క్వేర్ బ్రాకెట్లలో భాష పేరు పెట్టి, వాటి లోపల ఫార్మాటర్ రాస్తేనే ఈ తగాదా తెగుతుంది.

‘ఫార్మాట్ ఆన్ సేవ్’ మొదట ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని యూజర్‌లో ఆన్ చేయడం మాకు నచ్చదు. అలా చేస్తే ఎవరిదో ప్రాజెక్టు తెరిచి ఒక్క లైను మార్చి సేవ్ చేసినా ఫైలు మొత్తం మీ అలవాటుకి మారిపోతుంది. వర్క్‌స్పేస్‌లో ఆన్ చేయండి, ఆ ప్రాజెక్టులో అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. అన్నీ సరిగ్గా ఉన్నా సేవ్‌కి ఫార్మాట్ కాకపోతే ‘ఆటో సేవ్’ చూడండి. అది ‘ఆఫ్టర్ డిలే’లో ఉంటే ఫైలు దానంతటదే సేవ్ అవుతుంది, ఆ సేవ్‌కి ఫార్మాటర్ నడవదు. కరెంటు భయానికి ఆటో సేవ్ పెట్టుకున్నవాళ్లు మధ్యమధ్యలో కంట్రోల్-ఎస్ నొక్కాలి, లేదా షిఫ్ట్-ఆల్ట్-ఎఫ్‌తో ఫార్మాట్ చేసుకోవాలి. ఉబుంటులో అదే పని కంట్రోల్-షిఫ్ట్-ఐ చేస్తుంది.

పాత కోడ్‌లో పని చేసేటప్పుడు ‘ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్’ను ‘మాడిఫికేషన్స్’ చేస్తే మీరు తాకిన లైన్లనే సర్దుతుంది. దీనికి ఫైలు గిట్‌లో ఉండాలి, ఫార్మాటర్‌కి కొంత భాగాన్ని మాత్రమే ఫార్మాట్ చేయడం వచ్చి ఉండాలి. అన్నిటికీ రాదు.

ప్రాజెక్టులో ఏం పెట్టాలి

పైచార్మ్ వాడే నాలుగోవారికి వీఎస్ కోడ్ సెట్టింగ్స్ ఫైలు దేనికీ పనికిరాదు. అక్కడ పనికొచ్చేది ‘డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్’ అనే ఫైలు. పైచార్మ్, ఇంటెల్లిజే, విజువల్ స్టూడియో దీన్ని వాటంతటవే చదువుతాయి. వీఎస్ కోడ్‌కి, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కి చిన్న ప్లగిన్ వేయాలి. పైన ‘రూట్ = ట్రూ’ అని మొదలుపెట్టండి, అది లేకపోతే పై ఫోల్డర్లలో కూడా ఇలాంటి ఫైలు కోసం వెతుక్కుంటూ పోతుంది. తర్వాత స్టార్ గుర్తు (అన్ని ఫైళ్లకీ అని అర్థం) కింద: ఇండెంట్ స్టైల్ స్పేస్, ఇండెంట్ సైజ్ 4, ఎండ్ ఆఫ్ లైన్ ఎల్ఎఫ్ (దీని సంగతి కింద వస్తుంది), చార్‌సెట్ యూటీఎఫ్-8, చివర కొత్త లైను ట్రూ, లైను చివరి ఖాళీలు తీసేయడం ట్రూ. జావాస్క్రిప్ట్‌కి విడిగా సైజ్ 2. మేక్‌ఫైలుకి స్టైల్ ట్యాబ్. మార్క్‌డౌన్‌కి మాత్రం చివరి ఖాళీలు తీసేయడం ఫాల్స్ చేయాలి, అక్కడ లైను చివర రెండు స్పేసులంటే పంక్తి విరగాలని అర్థం.

ఇది ఫార్మాటర్‌కి బదులు కాదు. లైన్లు విరవడం, కోట్స్ మార్చడం దీనికి తెలియదు. కానీ ప్రెట్టియర్ దీన్ని చదివి వెడల్పు, ఇండెంట్ తీసుకుంటుంది. ప్రెట్టియర్ సొంత కాన్ఫిగ్ ఫైలు ‘డాట్ ప్రెట్టియర్‌ఆర్‌సీ’లో కూడా అదే విషయం రాసి ఉంటే దాని మాట చెల్లుతుంది. ఒకే అంకెను రెండు చోట్లా రాయకపోవడమే మేలు. ఇక ప్రాజెక్టులో కాన్ఫిగ్ ఫైలు కనబడితే చాలు, వీఎస్ కోడ్ సెట్టింగుల్లో మీరు పెట్టుకున్న ‘ప్రెట్టియర్: సింగిల్ కోట్’ లాంటివన్నీ పక్కకు పోతాయి. కావాల్సింది కూడా అదే. ఖాళీ కర్లీ బ్రాకెట్ల జత ఒక్కటి రాసిన ప్రెట్టియర్‌ఆర్‌సీ అయినా నలుగురినీ ఒకే దారిలో పెడుతుంది.

ల్యాబ్ సిస్టమ్‌లో ఎక్స్‌టెన్షన్లు వేసుకోనివ్వకపోతే టెర్మినల్‌లో ‘ఎన్‌పీఎక్స్ ప్రెట్టియర్ --రైట్ .’ అని కొట్టినా ఫలితం ఒకటే. నియమాలు ప్రాజెక్టులో ఉన్నాయి కాబట్టి నడిపేది ఎవరైనా తేడా రాదు. పుష్ అయ్యాక సర్వర్ వైపు ‘--చెక్’తో అదే కమాండ్ నడిపితే సర్దని ఫైలు ఉన్నప్పుడు ఫెయిల్ అవుతుంది. కమిట్ (మార్పును గిట్‌లో నమోదు చేయడం) ముందు వాటంతటవే నడిచే గిట్ హుక్స్ అనే స్క్రిప్టులు కూడా పెట్టుకోవచ్చు గానీ, ప్రాజెక్టును క్లోన్ చేసి (కాపీ తెచ్చుకుని) వాడితే అవి దానితో రావు, ప్రతి లాప్‌టాప్‌లో విడిగా వేసుకోవాలి. నమ్ముకోదగ్గది సర్వర్ చెకింగే.

లైను చివర కనిపించని గుర్తు

విండోస్ ప్రతి లైను చివర రెండు బైట్లు రాస్తుంది, 13, 10. సీఆర్ఎల్ఎఫ్ అంటే ఇవే. లైనక్స్, మ్యాక్ 10 ఒక్కటే రాస్తాయి, అది ఎల్ఎఫ్. గిట్ ఫర్ విండోస్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే ‘ఆటోసీఆర్ఎల్ఎఫ్’ ట్రూ అవుతుంది. తెచ్చుకునేటప్పుడు సీఆర్ఎల్ఎఫ్, కమిట్ చేసేటప్పుడు ఎల్ఎఫ్. ఒక్కరే వాడుకుంటే ఇది బాగానే నడుస్తుంది. కానీ ఒకరి లాప్‌టాప్‌లో అది ఫాల్స్ ఉంటే, లేదా జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకున్న ఫైళ్లను ఉబుంటులో ఫోల్డర్‌లోకి కాపీ చేసి కమిట్ చేస్తే, సీఆర్‌లు నేరుగా గిట్‌లోకి వెళ్తాయి. మొదట్లో చెప్పిన 640 లైన్ల డిఫ్ పుట్టేది ఎక్కువసార్లు ఇక్కడే.

దీనికి తోడు ప్రెట్టియర్ 2.0 నుంచి ఎల్ఎఫ్ కావాలంటుంది. విండోస్‌లో ప్రెట్టియర్‌ని ఈఎస్‌లింట్ అనే జావాస్క్రిప్ట్ లింటర్‌తో కలిపి నడిపితే ఫైలులో ప్రతి లైనుకీ ఎర్ర గీత, ‘డిలీట్’ అన్న మాట పక్కన సీఆర్ గుర్తు. వెతికితే దొరికే చిట్కా ‘ఎండ్ ఆఫ్ లైన్: ఆటో’ పెట్టమని. పెడితే ఎర్ర గీతలు పోతాయి, జబ్బు పోదు. ఫైళ్లు రెండు రకాలుగా అలాగే ఉంటాయి. అదే ప్రాజెక్టులోని షెల్ స్క్రిప్ట్‌ని లైనక్స్ సర్వర్ మీద నడిపిన రోజు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని వస్తుంది, పైలైను చివర అంటుకున్న సీఆర్ వల్ల.

మందు ‘డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్’ ఫైలు. మొదటి లైను: ‘స్టార్ టెక్స్ట్=ఆటో ఈఓఎల్=ఎల్ఎఫ్’. విండోస్ బ్యాచ్ ఫైళ్లకి విడిగా ‘ఈఓఎల్=సీఆర్ఎల్ఎఫ్’. ఇది ప్రాజెక్టుతో పాటే ప్రయాణిస్తుంది, ఎవరి లాప్‌టాప్‌లో ఆటోసీఆర్ఎల్ఎఫ్ ఎలా ఉన్నా దీని మాటే నెగ్గుతుంది. తర్వాత ‘గిట్ యాడ్ --రీనార్మలైజ్ .’ కొట్టి కమిట్ చేయాలి. అంతటితో గిట్ లోపల శుభ్రం. మీ ఫోల్డర్‌లోని ఫైళ్లు మాత్రం పాత సీఆర్ఎల్ఎఫ్‌తోనే ఉండొచ్చు. ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --ఈఓఎల్’ కొడితే ఒక్కో ఫైలు గిట్‌లో ఎలా ఉంది, డిస్కు మీద ఎలా ఉంది, పక్కపక్కనే చూపిస్తుంది. అందరూ పుష్ చేసేశాక కొత్తగా క్లోన్ చేసుకోవడమే అన్నిటికంటే క్షేమం.

తెలుగు స్ట్రింగులు ఉన్న కోడ్

బిల్లు మీద తెలుగు అచ్చవ్వాలంటే కోడ్‌లో తెలుగు ఉంటుంది. ఇక్కడ లైను వెడల్పు లెక్కలు తప్పుతాయి. ‘విజయవాడ’ కంటికి 5 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 7, గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో 21 బైట్లు. ఏ టూల్ దేన్ని లెక్కపెడుతుందో దాన్నిబట్టి, కంటికి పొట్టిగా ఉన్న లైను కూడా పొడుగైపోయిందని లింటర్ గోల చేస్తుంది. పైగా కోడింగ్ ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు, ఎడిటర్ వేరే ఫాంటు తెచ్చి చూపిస్తుంది, దాంతో నిలువు వరుసలు కలవవు. తెలుగు పక్కన కామెంట్లను ఒకే గీతలో పేర్చాలని తాపత్రయపడొద్దు, వేరే లాప్‌టాప్‌లో అది చెదిరిపోతుంది.

క్లాంగ్-ఫార్మాట్ ఒక అడుగు ముందుకేసి పొడుగు స్ట్రింగుని రెండు మూడు ముక్కలు చేసి కింద కింద పెడుతుంది. కంపైలర్ వాటిని మళ్లీ కలుపుకుంటుంది కాబట్టి బిల్లు బాగానే వస్తుంది. కానీ ఆ వాక్యాన్ని కోడ్‌లో వెతికితే దొరకదు. ‘బ్రేక్‌స్ట్రింగ్‌లిటరల్స్: ఫాల్స్’ అని నాలుగో లైను చేర్చుకోండి. దీనికంటే నయమైన దారి, తెలుగు వాక్యాలన్నీ ఒక జేసన్ ఫైలులోకి తీసి, కోడ్‌లో కీ పేర్లు మాత్రం ఉంచడం.

ఇప్పటికే ఏడాది నడిచిన ప్రాజెక్టు అయితే

కొత్త ప్రాజెక్టులో ఇవన్నీ మొదటి కమిట్‌లోనే పెట్టేయొచ్చు. పాతదానికి ఫార్మాటర్ తగిలిస్తే ప్రతి ఫైలూ ఒకసారి మారక తప్పదు. ఆ మారేదేదో ఒక్క కమిట్‌లో మారాలి. అందులో ఇంకే దిద్దుబాటూ, ఒక్క కామెంటు కూడా, కలపకూడదు.

అప్పటికే ఎవరిదైనా బ్రాంచ్ (విడిగా నడిపే పని కాపీ) సగంలో ఉంటే నేరుగా మెర్జ్ చేయబోవద్దు, అంటే కలపబోవద్దు, కాన్‌ఫ్లిక్ట్‌లతో రాత్రి తెల్లారిపోతుంది. ముందు ఫార్మాటింగ్ కమిట్‌కి సరిగ్గా ముందున్న కమిట్‌ను బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయాలి. నిజమైన కాన్‌ఫ్లిక్ట్‌లు ఏమైనా ఉంటే ఇక్కడే తేలిపోతాయి. ఆ తర్వాత ఫార్మాటింగ్ కమిట్‌ను ‘గిట్ మెర్జ్ -ఎస్ అవర్స్’తో కలపాలి, అంటే దాని మార్పులేవీ తీసుకోకుండా కలిసినట్టు గుర్తు మాత్రం వేయడం. ఇలా కలిపేటప్పుడు ఆ కమిట్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైళ్లు కూడా రావు, అందుకే వాటిని దానికి ముందు కమిట్‌లోనే పెట్టి ఉంచాలి. చివరగా బ్రాంచ్ మొత్తం మీద అదే వెర్షన్ ఫార్మాటర్ నడిపి కమిట్ చేయాలి.

ఇంకొక నష్టం ఉంది. ఫలానా లైను ఎవరు రాశారని ‘గిట్ బ్లేమ్’ అడిగితే ఇకమీదట ఫార్మాటర్ మార్చిన లైన్లన్నిటికీ దాన్ని నడిపినవారి పేరే వస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 దీనికి దారి చూపించింది. ‘డాట్ గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్’ అనే ఫైలులో ఆ కమిట్ హ్యాష్‌ను (గుర్తింపు సంకేతాన్ని), 40 అక్షరాలూ పూర్తిగా, ఒక లైనులో రాసి పెట్టాలి. ప్రతి ఒక్కరూ తమ లాప్‌టాప్‌లో ‘గిట్ కాన్ఫిగ్ బ్లేమ్ డాట్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్’ తర్వాత ఆ ఫైలు పేరు ఒకసారి కొట్టాలి. గిట్‌హబ్ మాత్రం ఈ పేరుతో రూట్ ఫోల్డర్‌లో ఫైలు ఉంటే ఎవరూ చెప్పకుండానే చదువుకుంటుంది. మెర్జ్ అయ్యేటప్పుడు స్క్వాష్ చేస్తే (కమిట్లన్నిటినీ ఒకటిగా కలిపేస్తే) హ్యాష్ మారిపోతుంది కాబట్టి ఈ ఫైలును మెయిన్ బ్రాంచ్‌లో మెర్జ్ పూర్తయ్యాకే, అక్కడ కనిపించే హ్యాష్‌తోనే రాయాలి.